పార్కర్ గారింటి పాప ఏమైంది?

అమెరికాలో పిల్లలున్న మన తెలుగు ఇళ్ళలో స్పైడర్‌మ్యాన్ అడుగుపెట్టని ఇల్లు ఉండదేమో. లంచ్ డబ్బా మీదో, దుప్పటి మీదో, పుట్టినరోజు కేకు మీదో ఆ ఎర్ర ముసుగు కనిపిస్తూనే ఉంటుంది. సినిమాలు పెద్దవాళ్ళం కూడా చూస్తాం. కానీ ఆ సినిమాలకి మూలమైన కామిక్ పుస్తకాల్ని, అంటే నెలనెలా వచ్చే బొమ్మల కథల్ని, వరసగా చదివిన పెద్దవాళ్ళు మనలో తక్కువే. మా అమ్మాయి పుణ్యమా అని ఆ కొద్దిమందిలో నేనూ చేరాను. పాత సంచికలు అమ్మే కొట్టుకి దాన్ని శనివారాలు తీసుకెళ్ళేవాణ్ణి. అది పెట్టెలన్నీ వెతికేలోపు ఊరికే నిలబడటం ఎందుకని నేనూ ఒకటి చేతిలోకి తీసుకునేవాణ్ణి.

అరవై ఏళ్ళు దాటి నడుస్తున్న ఆ పెద్ద కథలో ఒక చిన్న ఉపకథ ఉంది. అది ఒక పాప కథ. దాన్ని మొదలుపెట్టిన వాళ్ళు ముగించకుండా వదిలేశారు. అలా ఎందుకు జరిగింది, కథలంటే ఇష్టపడే మనలాంటి వాళ్ళకి అందులో ఆలోచించుకోవలసిన సంగతి ఏముంది అన్నదే ఈ వ్యాసం. కామిక్స్ ఎన్నడూ చదవని వాళ్ళకి కూడా అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

పీటర్ పార్కర్ సంసారం

1962 ఆగస్టు తేదీతో వచ్చిన 'అమేజింగ్ ఫాంటసీ' 15వ సంచికలో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో ఈ పాత్రని పరిచయం చేశారు. పీటర్ పార్కర్ తల్లీ తండ్రీ లేని కుర్రాడు. న్యూయార్క్‌లో క్వీన్స్ ప్రాంతంలో అంకుల్ బెన్, ఆంట్ మే దగ్గర పెరిగాడు. ఇంగ్లీషువాళ్ళకి అంకుల్, ఆంట్ అంటే సరిపోతుంది గానీ మనకి వరస తేలాలి కదా! బెన్ పీటర్ తండ్రికి అన్న. కాబట్టి పెదనాన్న, పెద్దమ్మ. రేడియోధార్మికత సోకిన సాలీడు కుట్టడంతో పీటర్‌కి వింత బలం వచ్చింది. ఒకరోజు తన ముందునుంచే పారిపోతున్న దొంగని మనకెందుకులే అని వదిలేశాడు. ఆ దొంగే తరవాత పెదనాన్నని చంపాడు. ఆ బాధే అతన్ని ముసుగు వీరుణ్ణి చేసింది.

ఈ కథ జనానికి అంతగా పట్టడానికి కారణం అతని బలం కాదు. అద్దె కట్టడానికి డబ్బుల్లేని వీరుడు అతను. తన ఫోటోలు తనే తీసుకుని పత్రికకి అమ్ముకుని బతికేవాడు. పెద్దమ్మకి మందులు కొనాలని తాపత్రయపడేవాడు. అన్నిటికన్నా ముఖ్యం, అతను పెరిగాడు. 1965లో హైస్కూలు ముగించి కాలేజీలో చేరాడు. 1973లో అతను ప్రేమించిన గ్వెన్ స్టేసీ చనిపోయింది. నార్మన్ ఆస్బర్న్ అనే శత్రువు ఆమెని వంతెన మీదనుంచి తోశాడు. ఆ చావుని ఎవరూ వెనక్కి తిప్పలేదు. 1987లో మేరీ జేన్ వాట్సన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆ ఏడాది న్యూయార్క్ షే స్టేడియంలో బేస్‌బాల్ ఆట సందర్భంగా వేషగాళ్ళతో ఈ పెళ్ళి తంతు కూడా జరిపించారు. పెళ్ళి చేయించిన పెద్దమనిషి స్టాన్ లీయే.

అంటే 25 ఏళ్ళపాటు ఈ కథలో కాలం నెమ్మదిగానైనా నడిచింది. పాఠకుడు హైస్కూల్లో ఉన్నప్పుడు మొదలుపెడితే తనతోపాటే పీటర్ కూడా చదువుకుని, ప్రేమలో పడి, దెబ్బతిని, మళ్ళీ లేచి, సంసారంలో పడ్డాడు.

చెట్టు దగ్గరికి తిరిగి వెళ్ళే కథ

మనకి ఇంకోరకం కథ తెలుసు. చందమామ చదివిన వాళ్ళందరికీ విక్రమార్కుడు గుర్తుంటాడు. నెలనెలా చెట్టు దగ్గరికి వెళ్ళి శవాన్ని భుజాన వేసుకుంటాడు. బేతాళుడు కథ చెబుతాడు. రాజు నోరు విప్పుతాడు. శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. దశాబ్దాలు గడిచినా ఆయనకి ఒక్క వెంట్రుక తెల్లబడలేదు. మనం ఎవరం అడగలేదు కూడా. ఎందుకంటే ఆ కథ మొదటినుంచీ అదే ఒప్పందం మీద నడిచింది. రాజుకి పెళ్ళి కుదిర్చి, రాణికి నెల తప్పిందని చెప్పి, మరుసటి నెల ఏమీ ఎరగనట్టు మళ్ళీ చెట్టు దగ్గరికి పంపితే మాత్రం మనం ఊరుకునేవాళ్ళమా?

పార్కర్ కథకి వచ్చిన చిక్కు సరిగ్గా ఇదే. దాన్ని పెంచినవాళ్ళు కాలం నడిచే కథగా పెంచారు. అమ్మేవాళ్ళకి కాలం నిలిచిపోయిన కథ కావాలి. బొమ్మలూ, చొక్కాలూ, కార్టూన్లూ అన్నీ ఆ కుర్రవాడి మీదే ఆధారపడి ఉన్నాయి. ముప్ఫై దాటి, భార్యాబిడ్డలతో, ఇంటి అప్పుతో ఉన్న స్పైడర్‌మ్యాన్‌ని కొత్తగా వచ్చే పన్నెండేళ్ళ పిల్లవాడు తనవాడనుకోడని వాళ్ళ భయం. ఆ భయంలో అర్థం లేదని నేను అనను. కానీ పెళ్ళి జరిగిపోయింది. దాన్నుంచి బయటపడటం ఎలా?

నకలు మనిషి గొడవ

1975లో ఒక పాత కథ ఉంది. పీటర్‌కి కాలేజీలో పాఠం చెప్పిన మైల్స్ వారెన్ అనే ప్రొఫెసర్ మతి చెడి, పీటర్‌కి ఒక క్లోన్‌ని, అంటే అచ్చు నకలుని, తయారు చేస్తాడు. ఇద్దరూ కొట్టుకుంటారు. నకలు చనిపోయిందనుకుని పీటర్ దాన్ని ఒక పొగగొట్టంలో పడేస్తాడు. అక్కడితో అయిపోయింది.

1994లో రచయితల బృందం ఆ నకలుని మళ్ళీ తీసుకొచ్చింది. టెరీ కవనా అనే రచయిత ఈ సూచన చేశారు. ఆ నకలు చావలేదనీ, బెన్ రైలీ అని పేరు పెట్టుకుని దేశమంతా తిరుగుతున్నాడనీ కథ. (బెన్ పెదనాన్న పేరు, రైలీ పెద్దమ్మ పుట్టింటి పేరు.) ఇక్కడ ఒక తమాషా చూడండి. పత్రికలో 19 ఏళ్ళు గడిచాయి. కథలో మాత్రం అయిదేళ్ళే అన్నారు!

పథకం ఇది. పీటర్ అనుకుంటున్న మనిషే నకలనీ, బెన్ రైలీ అసలనీ తేలుస్తారు. పెళ్ళికాని బెన్ కొత్త స్పైడర్‌మ్యాన్ అవుతాడు. పీటర్ గౌరవంగా తప్పుకుని భార్యతో, పుట్టబోయే బిడ్డతో ప్రశాంతంగా బతుకుతాడు. ఎవరినీ చంపక్కర్లేదు, ఎవరికీ విడాకులక్కర్లేదు. అందుకే మేరీ జేన్‌కి కడుపు పండింది. అంటే ఆ పాప పీటర్‌కి కథలోంచి వెళ్ళడానికి ఇచ్చిన సెలవు చీటీ అన్నమాట.

కానీ ఆ రోజుల్లో నెలకి నాలుగు స్పైడర్‌మ్యాన్ పత్రికలు వచ్చేవి. ఒకే కథ నాలుగింటిలోనూ సాగేది. మొదట్లో బాగా అమ్ముడుపోవడంతో కొన్ని నెలల్లో ముగియవలసిన కథని సాగదీయమన్నారు. ఈలోగా పైన సంపాదకులు మారారు. కామిక్స్ వ్యాపారమే కుప్పకూలుతోంది. 1996 డిసెంబరులో మార్వెల్ సంస్థ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకి వెళ్ళింది. అలాంటి ఇంట్లో కథ తిన్నగా సాగుతుందా? 1995లో పీటరే నకలని తేల్చి, భార్యాభర్తల్ని ఆరిగాన్‌లోని పోర్ట్‌లాండ్‌కి పంపారు. పాఠకులు మండిపడ్డారు. 20 ఏళ్ళుగా మేము ప్రేమించినవాడు అసలు మనిషే కాడంటారా అని. దాంతో మళ్ళీ మాట మార్చి, కాదు కాదు, బెన్ రైలీయే నకలన్నారు.

సరే, పీటర్ తిరిగొచ్చాడు. కానీ నిండు చూలాలైన భార్యతో తిరిగొచ్చాడు. సెలవు చీటీతో ఇక పనిలేదు. చీటీ సంగతి ఏం చేయాలి?

రేవు దగ్గర మూట

1996 చివర నాలుగు భాగాల కథలో దీనికి 'పరిష్కారం' చూపించారు. ఎప్పుడో చనిపోయాడనుకున్న నార్మన్ ఆస్బర్న్ బతికే ఉన్నాడనీ, ఇన్నాళ్ళ కుట్రా అతనిదేననీ బయటపడుతుంది. 'అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' 418వ సంచికలో మేరీ జేన్‌కి నొప్పులొస్తాయి. బిడ్డ దక్కలేదని ఆసుపత్రిలో చెబుతారు. పుడితే పెద్దమ్మ పేరే, మే అని, పెట్టాలనుకున్న ఆడపిల్ల. కానీ అదే సంచికలో ఆస్బర్న్ మనిషి అలిసన్ మాంగ్రెయిన్ అనే ఆవిడ రేవు దగ్గర ఒక మూటని ఇంకొకరికి అప్పగిస్తుంది. మూటలో ఏముందో బొమ్మ చూపించదు, మాట చెప్పదు.

మా అమ్మాయి ఆ పేజీ దగ్గర ఆగిపోయింది. "నాన్నా, పాప అందులోనే ఉంది. తరవాతి పుస్తకం కొందాం" అంది. కొన్నాం. అందులో లేదు. ఆ తరవాతి దాంట్లోనూ లేదు. తల్లిదండ్రుల దుఃఖం కొన్ని సంచికల్లో కనిపించి క్రమంగా పల్చబడింది. పోలీసులకి ఫిర్యాదు లేదు, వెతుకులాట లేదు.

1998 చివరిలో మాంగ్రెయిన్ మళ్ళీ కనిపించింది. "మే బతికే ఉంది" అన్న కబురు పీటర్‌కి అందుతుంది. రెండేళ్ళు ఎదురుచూసిన పాఠకుల గుండె ఎలా కొట్టుకుందో ఊహించుకోండి. పీటర్ పరిగెత్తాడు. తలుపు తీశాడు. లోపల ఉన్నది పెద్దమ్మ మే!

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఆ పెద్దమ్మ 1995లో, 400వ సంచికలో చనిపోయింది. రచయిత జె. ఎం. డిమాటీస్ ఆ సంచికని ఎంతో బాగా రాశారు. పెద్దావిడ ఎంపైర్ స్టేట్ భవనం మీద నిలబడి, పీటర్ రహస్యం తనకి చాలాకాలంగా తెలుసని చెబుతుంది. దాచినందుకు కోపం లేదని అతనికి అర్థమయ్యేలా చెబుతుంది. తరవాత ఇంట్లో తన మంచం మీద, అయినవాళ్ళ మధ్య, కన్నుమూస్తుంది. ఆ మొత్తం గొడవలో నిలిచిన నాలుగు మంచి పేజీలు అవే అని నా అభిప్రాయం. 1998లో ఏమన్నారంటే, అప్పుడు చనిపోయింది పెద్దమ్మ కాదట, ఆస్బర్న్ ఆమెలా మార్చిన ఒక నటి అట!

ఒకే దెబ్బకి రెండు పోయాయి. సరిగా జరిగిన చావు అబద్ధమైంది. సరిగా జరగని చావుకి సమాధానం లేకుండా పోయింది. 1999 జనవరి తేదీతో పత్రిక మళ్ళీ ఒకటో నంబరునుంచి మొదలైంది. పాప పేరెత్తే అవసరం ఎవరికీ కనబడలేదు.

ఉత్తర గర్భం

ఇది చదువుతుంటే నాకు భారతం గుర్తొచ్చింది. అక్కడా పగబట్టిన శత్రువున్నాడు, అశ్వత్థామ. ఉత్తర గర్భంలో ఉన్న బిడ్డ మీద అస్త్రం వేశాడు. బిడ్డ ప్రాణం లేకుండా పుట్టాడు. యుద్ధం ముగిసింది, రాజ్యం వచ్చింది, కవి కావాలంటే అక్కడ ఆ బిడ్డని వదిలేసి ముందుకి పోవచ్చు. పోలేదు. ఆ స్త్రీల ఏడుపుని చెప్పాడు. కృష్ణుణ్ణి పురిటింటికి రప్పించాడు. బిడ్డని బతికించాడు. ఎందుకంటే ఆ బిడ్డే పరీక్షిత్తు. పరీక్షిత్తు కొడుకు జనమేజయుడికే వైశంపాయనుడు భారతం వినిపిస్తున్నాడు. ఆ పాప లేకపోతే కథ వినేవాడే లేడు!

బిడ్డ బతకాలనే నేను పట్టుబట్టడం లేదు. కథల్లో పిల్లలు చనిపోతారు. జీవితంలోనూ చనిపోతారు. మన స్నేహితుల ఇళ్ళలో అలాంటి దుఃఖం చూసిన వాళ్ళమే మనం. ఇండియాలో ఉన్న అమ్మకి ఫోనులో చెప్పలేక, ఇక్కడ ఆఫీసులో ఎవరికీ చెప్పలేక, కొన్న ఉయ్యాలని తిరిగి కొట్టుకి ఎలా తీసుకెళ్ళాలో తెలియక నలిగిపోయిన జంటలున్నారు. ఆ నష్టానికి పేరు పెట్టి మాట్లాడే అలవాటు మనకి లేదు. 1996లో ఒక బొమ్మల పుస్తకం దాన్ని లక్షలాదిమంది కుర్రవాళ్ళ ముందు పెట్టింది. ధైర్యంగా చెప్పి ఉంటే ఎంత బాగుండేది! పాప చనిపోయిందంటే, ఆ తల్లీతండ్రీ ఆ తరవాత ఎలా బతికారో చెప్పాలి. ఎత్తుకుపోయారంటే, ఆ తండ్రి భూమంతా గాలించాలి. రెండూ కాకుండా మూటని చూపించి మరిచిపొమ్మనడం పాఠకుణ్ణి మోసం చేయడమే. పీటర్ పాత్రకి కూడా అది అన్యాయం. ఒక దొంగని వదిలేసినందుకు జన్మంతా కుమిలిపోయే మనిషి, సొంత కూతురి సంగతి అడగకుండా ఉండగలడా?

పక్క లోకాల్లో పాప

పాఠకులు మరిచిపోలేదు. 418వ సంచిక రాసిన టామ్ డిఫాల్కోయే ఆ పాపని వెనక్కి తెచ్చారు. 'ఇలా జరిగి ఉంటే' అనే ధోరణిలో వచ్చే 'వాట్ ఇఫ్' పత్రిక 105వ సంచికలో, 1998 ఆరంభంలో, చిత్రకారుడు రాన్ ఫ్రెంజ్‌తో కలిసి, ఆ పాప దొరికి ఉంటే ఏమయ్యేదో రాశారు. మే పార్కర్‌కి 15 ఏళ్ళు. బాస్కెట్‌బాల్ ఆడుతుంది. తండ్రి ఆస్బర్న్‌తో చివరి పోరాటంలో కాలు పోగొట్టుకుని, ముసుగు తీసేసి, పోలీసు శాఖలో నేర పరిశోధన ప్రయోగశాలలో ఉద్యోగం చేస్తున్నాడు. కూతురికి తన బలం వచ్చిందని తెలిసి ఏ తండ్రయినా భయపడ్డట్టే భయపడతాడు. ఒక్క సంచికకని రాసిన ఆ కథ 'స్పైడర్‌గర్ల్' పేరుతో 2006 దాకా 100 సంచికలు నడిచింది. ఆపేస్తామని సంస్థ అన్నప్పుడల్లా అభిమానులు ఉత్తరాలు రాసి నిలబెట్టారు. పేరు కొంచెం మార్చుకుని అది 2010 వరకూ సాగింది.

అసలు కథలో మాత్రం 2007లో ఇంకో దెబ్బ తగిలింది. తుపాకీ గుండు తగిలిన పెద్దమ్మని కాపాడటానికి పీటర్, మేరీ జేన్ మెఫిస్టో అనే పిశాచంతో బేరం చేసుకుని తమ పెళ్ళినే కాలంలోంచి చెరిపేసుకుంటారు. వాళ్ళకి పుట్టి ఉండేదీ, ఇక ఎన్నటికీ పుట్టనిదీ అయిన ఒక ఎర్రజుట్టు పిల్లని కూడా ఆ పిశాచం చూపిస్తుంది. రెండోసారీ అదే తూకం. ఒకపక్క పెద్దమ్మ, ఇంకోపక్క పాప. రెండోసారీ పెద్దమ్మే గెలిచింది.

ఆ తరవాత 2015లో ఒక పక్క లోకంలో ఆనీ అనే కూతురు పుట్టింది. 2023లో వచ్చిన యానిమేషన్ సినిమాలో ఒక పీటర్ చంటిపిల్ల మేని గుండెకి కట్టుకుని తిరుగుతాడు. 2024లో మొదలైన 'అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్'లో రిచర్డ్, మే అనే ఇద్దరు పిల్లల తండ్రి. ఇవన్నీ జనం మెచ్చుకున్నవే. తండ్రయిన పీటర్‌ని పిల్లలు చదవరన్న పాత భయం ఎంతవరకు నిజమో వీటిని బట్టి ఆలోచించుకోవచ్చు. 1962లో మొదలైన అసలు కథలో మాత్రం అతను తండ్రి కాలేదు. రేవు దగ్గర మూట ఎవరూ విప్పలేదు.

మన కథల్లో

సొంతదారు సంస్థ, రాసేవాళ్ళు నెలజీతగాళ్ళు, ముగింపు అన్నది ఉండకూడని కథ. ఇలాంటి చోట ఇంతకన్నా ఏం ఆశిస్తాం అని మీరు అనవచ్చు. నిజమే. కానీ ఆ తూకం గురించి ఆలోచిస్తుంటే నాకు మన ప్రవాస సాహిత్యం కూడా కళ్ళముందు కనిపిస్తుంది.

మన కథల్లో పెద్దమ్మలు బాగా బతికున్నారు. ఊళ్ళో అరుగులు, ఆవకాయ జాడీలు, గోదావరి గట్లు, వదిలొచ్చిన నాటికి ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. అవి రాయొద్దని నేను అనను, నాకూ అవి ప్రాణమే. కానీ ఇక్కడ పుట్టిన పిల్లలు మన కథల్లో ఎలా వస్తున్నారో గమనించండి. డేటింగ్ గురించి తండ్రిని కంగారు పెట్టడానికి ఒకసారి, తెలుగు రాక తాతగారిని నొప్పించడానికి ఒకసారి వచ్చి పోతారు. ఆ అమ్మాయి తరవాత ఏమైంది? ఏం చదివింది, ఎవరితో పోట్లాడింది, ఏ దుఃఖాన్ని ఎవరికీ చెప్పకుండా దాచుకుంది? చాలా కథల్లో చెప్పం. తల్లిదండ్రుల బాధ చెప్పడం అయిపోగానే ఆ పిల్లతో మనకి పని అయిపోతుంది. సెలవు చీటీ లాంటిదే.

పార్కర్ గారింటి పాపని మళ్ళీ కథలోకి తెచ్చింది పాఠకుల ఉత్తరాలూ, తను మొదలుపెట్టింది తనే పూర్తి చేయాలనుకున్న ఒక రచయితా. మన సంచికలకీ కథలు పంపేవాళ్ళున్నారు, చదివి ఉత్తరాలు రాసేవాళ్ళున్నారు. ఈసారి కథలో ఎవరైనా ఒక పిల్లని తీసుకొచ్చి మధ్యలో వదిలేస్తే, "ఆ పిల్ల ఏమైందండీ?" అని రచయితకి ఒక ఉత్తరం ముక్క రాద్దాం.